వదులైన షూలను కాలికి సరిగ్గా పట్టేలా చేసుకోవడం ఎలా?

"షూ కొంచెం పెద్దదైంది. ముందు కాస్త దూది కుక్కితే సరిపోతుంది కదా?" షూల విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తొందరలో సైజు చూసుకోకుండా కొన్నవాళ్లు, కానుకగా అందుకున్నవాళ్లు, అన్న షూ తమ్ముడికి వచ్చిన ఇళ్లవాళ్లు, అందరూ మొదట ఆలోచించేది దూది గురించే. ఖాళీ ముందువైపు తెలుస్తుంది కాబట్టి అక్కడే నింపాలనిపిస్తుంది. కానీ చాలా రకాల షూలకు అది పనిచేయదు.

ఎందుకంటే షూ పాదాన్ని పట్టి ఉంచేది వేళ్ల దగ్గర కాదు. వెనక మడమ దగ్గర, పైన మీగాలి దగ్గర. వేళ్లకు ఎలాగూ కొంత ఖాళీ ఉండాల్సిందే. మీగాలి మీద పట్టు లేకపోతే అడుగు వేసిన ప్రతిసారీ పాదం ముందుకు జారుతుంది, మడమ పైకి లేస్తుంది, వెనక చర్మం ఒరుసుకుపోయి షూ కరుస్తుంది. ముందు ఎంత దూది పెట్టినా ఈ జారుడు ఆగదు. అందుకే ఖాళీ అసలు ఎక్కడుందో ముందు కనిపెట్టాలి. అక్కడ మాత్రమే, అవసరమైనంత మేరకే నింపాలి. కింద చెప్పే పనులన్నీ దీని కోసమే.

ఎంత పెద్దదైతే సరిచేయవచ్చు?

అర సైజు పెద్దదైతే దాదాపు ఎప్పుడూ సరిచేయవచ్చు. ఒక సైజు పెద్దదైతే చాలాసార్లు కుదురుతుంది. అంతకు మించితే పడే శ్రమకు తగ్గ ఫలితం ఉండదు. యూకే సైజుల్లో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మి.మీ. యూరప్ సైజుల్లో ఈ తేడా సుమారు 6.7 మి.మీ. యూకే లెక్కలో రెండు సైజుల తేడా అంటే ఒకటిన్నర సెంటీమీటరు దాటుతుంది. పాదం వంగే చోటు ఒకటి, షూ వంగే చోటు ఇంకొకటి అయిపోతాయి. దాన్ని ఏ ప్యాడూ సరిచేయలేదు.

షూ ఇంకా కొత్తగా ఉండి, మార్చుకునే అవకాశం ఉంటే ముందు ఆ పని చూడండి. లోపల జిగురుతో ఒక్క ప్యాడ్ అంటించినా తిరిగి తీసుకోకపోవచ్చు.

కావలసినవి

అన్నీ ఒకేసారి కొనకండి. కింద 1, 2 అంకెలతో చెప్పిన పనులు పూర్తయ్యాక మీకు ఏది అవసరమో తెలుస్తుంది.

- తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు, కాస్త మందమైన అట్ట
- ఆ షూతో మీరు మామూలుగా వేసుకునే సాక్సులు, ఇంకో మందమైన జత
- టంగ్ ప్యాడ్, అంటే షూ నాలుక లోపలి వైపు అంటించే ఫెల్ట్ (ఉన్ని లాంటి పోగులను నొక్కి చేసిన మందపాటి గుడ్డ) లేదా ఫోమ్ ముక్క
- పల్చటి ఇన్‌సోల్, అంటే షూ లోపల అరికాలి కింద పరిచే పొర, 2 నుంచి 3 మి.మీ. మందంలో
- హీల్ గ్రిప్, అంటే మడమ వెనక అంటించే చిన్న ప్యాడ్
- కత్తెర, డబుల్ సైడ్ టేప్, స్పిరిట్, శుభ్రమైన గుడ్డ

1. పాదాన్ని కొలవండి

సాయంత్రం కొలవండి. రోజంతా నిలబడి, నడిచాక పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. పొద్దున్నే కొలిచి వదులు అనుకున్న షూ సాయంత్రానికి సరిగ్గా సరిపోవచ్చు.

కాగితాన్ని గోడకు ఆనించి నేల మీద పెట్టండి. సాక్సులు వేసుకుని, మడమ గోడకు తగిలేలా దాని మీద నిలబడండి. బరువు ఆ కాలి మీద ఉండాలి. కూర్చుని కొలిస్తే పాదం పొట్టిగా వస్తుంది. అన్నిటికన్నా పొడవైన వేలి కొన దగ్గర గీత గీసి, గోడ నుంచి అక్కడిదాకా స్కేలుతో కొలవండి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి పక్క వేలు పొడవుగా ఉంటుంది. రెండు పాదాలనూ కొలవండి. చాలామందికి రెండూ సమానంగా ఉండవు. ఒక షూ మాత్రమే వదులు అనిపిస్తే కారణం తరచూ ఇదే. అలాంటప్పుడు ప్యాడ్ కూడా ఆ ఒక్క షూలోనే పెట్టాలి.

ఇప్పుడు షూ లోపలి పొడవు చూడాలి. ఇన్‌సోల్ ఊడి వచ్చే రకమైతే దాన్ని బయటికి తీసి దాని మీద నిలబడండి. మడమ వెనక అంచుకు సరిగ్గా ఉండగా, వేళ్ల ముందు 10 నుంచి 12 మి.మీ. ఖాళీ ఉంటే పొడవు సరిపోయినట్టే. వదులు వేరే చోట ఉందన్నమాట. ఇన్‌సోల్ ఊడిరాకపోతే అట్టను రెండు వేళ్ల వెడల్పున, మీ పాదం పొడవుకు 12 మి.మీ. కలిపి కత్తిరించండి. దాన్ని షూలోకి దూర్చి కొనదాకా తోయండి. అట్టకూ షూ వెనక గోడకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో అదే అసలైన అదనపు పొడవు. మొన చాలా సన్నగా ఉన్న షూలలో అట్టను కొనదాకా తోయకండి, ఆ మొనలోకి వేళ్లు ఎలాగూ వెళ్లవు.

2. వదులు ఎక్కడుందో పట్టుకోండి

షూ వేసుకుని లేసు కట్టుకోండి. ఈ నాలుగూ వరసగా చూడండి.

మొదట మునివేళ్ల మీద లేవండి. షూ పైభాగంలో ముడత ఎక్కడ పడిందో చూడండి. అది మీ వేళ్ల మొదళ్ల మీద పడితే మంచిది. అక్కడి నుంచి బాగా ముందుకు జరిగి వేళ్ల మీద పడితే షూ పొడవు మీకు మరీ ఎక్కువ. ఈ ఒక్క పరీక్షలో షూ తప్పిందంటే మిగతావి చేయకుండా ఆగిపోవడం మేలు. ఎంత ఇష్టపడి కొన్నా సరే, అలాంటి షూను ప్యాడ్లతో బతికించాలని చూస్తే చివరికి బాధపడేది మీ పాదమే.

రెండోది, లేసు రంధ్రాలున్న రెండు అంచుల వైపు చూడండి. లేసు గట్టిగా బిగించాక ఆ రెండు అంచులూ ఒకదానికొకటి తగిలిపోతున్నాయా? అయితే షూ ఇంకా బిగుసుకునే వీలు లేదు, కానీ మీగాలి మీద ఖాళీ మిగిలే ఉంది. వదులు అని నాకు చూపించే షూలలో ఎక్కువ వాటికి అసలు సమస్య ఇదే. పొడవు సరిగ్గానే ఉంటుంది, లోపలి ఎత్తే ఎక్కువ.

మూడోది, నాలుగు అడుగులు వేసి మడమ చూసుకోండి. కొద్దిగా లేవడం, 5 మి.మీ. లోపు, కొత్త తోలు షూలలో మామూలే. అడుగుభాగం (సోల్) గట్టిగా ఉన్న కొత్త షూ ఇంకా వంగడం నేర్చుకోలేదు, అందుకే మడమ దగ్గర లేస్తుంది. కొన్నాళ్లు ఇంట్లో వేసుకుని తిరిగితే అడుగు మెత్తబడి అదే తగ్గుతుంది. అప్పటిదాకా ఏమీ అంటించకండి.

నాలుగోది, పక్కల పట్టు. నిలబడి పాదాన్ని షూలో అటూ ఇటూ కదపండి. ముందు భాగం పక్కలకు కదులుతుంటే వెడల్పు ఎక్కువన్నట్టు.

3. ఖర్చు లేనివి ముందు ప్రయత్నించండి

మందమైన సాక్సులు వేసి చూడండి. అర సైజు తేడా చాలాసార్లు దీనితోనే పోతుంది. నున్నటి నైలాన్ సాక్సులు వద్దు, అవి లోపల జారి సమస్యను పెంచుతాయి. నూలువి, ఉన్నివి పట్టుగా ఉంటాయి. రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకోవచ్చు కానీ లోపలిది పల్చగా, ముడతలు పడకుండా ఉండాలి. ముడత పడిన చోటే బొబ్బ లేస్తుంది.

తర్వాత లేసు కట్టే తీరు మార్చండి. చాలామంది నిలబడి, వంగి, పాదం ఎక్కడుంటే అక్కడే ఉంచి లేసు బిగిస్తారు. అలా కాదు. కూర్చోండి. మడమను నేలకు ఆనించి వేళ్ల వైపు పైకి ఎత్తండి. మడమతో నేల మీద ఒకటి రెండుసార్లు తట్టండి. పాదం పూర్తిగా వెనక్కి వెళ్లి మడమ షూ వెనక గోడకు ఆనుతుంది. ఇప్పుడు కింది రంధ్రాల నుంచి పైకి వరసగా బిగించుకుంటూ రండి. ఈ చిన్న అలవాటుతోనే ఇక ఏ ప్యాడూ అక్కర్లేదని తేలిన షూలు ఎన్నో ఉన్నాయి.

చాలా స్పోర్ట్స్ షూలలో అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి ఒక రంధ్రం అదనంగా ఉంటుంది. ఎందుకో తెలియక చాలామంది దాన్ని వదిలేస్తారు. మడమను పట్టి ఉంచడానికే అది. ఇలా వాడండి:

లేసును మామూలుగా ఆ రంధ్రం కిందిదాకా ఎక్కించండి. ఇప్పుడు ఎడమ లేసును అడ్డంగా దాటించకుండా, అదే వైపున్న పై రంధ్రంలోకి బయటి నుంచి లోపలికి దూర్చండి. పూర్తిగా లాగకండి. రెండు రంధ్రాల మధ్య బయటివైపు చిన్న ఉచ్చులా మిగలాలి. కుడివైపు కూడా అలాగే చేయండి. ఎడమ లేసు కొనను కుడి ఉచ్చులోంచి, కుడి కొనను ఎడమ ఉచ్చులోంచి తీయండి. రెండు కొనలనూ పట్టుకుని మడమ వైపు, కాస్త కిందికి లాగండి. ఉచ్చులు బిగుసుకుని చీలమండ చుట్టూ షూ దగ్గరపడుతుంది. తర్వాత మామూలు ముడి వేయండి. వేళ్లు మొద్దుబారినా, మీగాలి మీద నొక్కినట్టున్నా ఎక్కువ బిగించారని అర్థం, కాస్త వదలండి.

4. మీగాలి మీద ఖాళీ ఉంటే: టంగ్ ప్యాడ్

లేసు అంచులు రెండూ తగిలిపోయే షూలకు ఇంతకన్నా మంచి మందు లేదు. అయినా దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ప్యాడ్ నాలుక లోపల కూర్చుని పాదాన్ని కిందికీ వెనక్కీ నెడుతుంది. దాంతో మడమ దానంతట అదే వెనక గోడకు ఆనుతుంది. పైగా వేళ్ల దగ్గర ఖాళీ తగ్గదు, షూలో పాదం ఎత్తు మారదు, బయటికి కనిపించదు.

ముందు అంటించకుండా పరీక్షించండి. మెత్తటి నూలు గుడ్డను మూడు నాలుగు మడతలు పెట్టి, నాలుకకూ మీగాలికీ మధ్య ఉంచి లేసు కట్టి నడవండి. తేడా వెంటనే తెలుస్తుంది. తెలియకపోతే ప్యాడ్ కొనడం అనవసరం.

బాగుందనిపిస్తే నాలుక లోపలి వైపు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ప్యాడ్‌ను నాలుక పై అంచుకు దాదాపు ఒక సెంటీమీటరు కిందగా, సరిగ్గా మధ్యలో పెట్టండి. మరీ పైన పెడితే చీలమండ వంగే చోట గుచ్చుతుంది, మరీ కింద పెడితే వేళ్ల మొదళ్లను నొక్కుతుంది. అర నిమిషం గట్టిగా అదిమి పట్టుకోండి. జిగురు బాగా పట్టడానికి ఒక రాత్రి వదిలేయండి. వెంటనే వేసుకుని తిరిగితే చెమటకూ రాపిడికీ ప్యాడ్ పక్కకు జరిగి, లోపల ముద్దలా చేరుతుంది.

ఫోమ్ కన్నా ఫెల్ట్ తీసుకోమంటాను. ఫోమ్ మొదటి రోజు హాయిగా ఉంటుంది కానీ త్వరగా అణిగిపోతుంది. ఫెల్ట్ మెల్లగా మీ పాదం ఆకారానికి సర్దుకుని చాలాకాలం నిలుస్తుంది.

లేసులు లేని లోఫర్లకు కూడా ఇది పనిచేస్తుంది. మీగాలి మీదికి వచ్చే పట్టీ లోపలి వైపు అంటించాలి. లోఫర్లకు నేను మొదట ప్రయత్నించమనేది ఇదే.

5. లోపల అంతా కాస్త వదులుగా ఉంటే: ఇన్‌సోల్

ఇన్‌సోల్ పాదాన్ని పైకి లేపి, మీగాలి మీది ఖాళీని కింది నుంచి తగ్గిస్తుంది. షూ పొడవును మాత్రం తగ్గించదు. పొడవు ఎక్కువైందని ఇన్‌సోల్ మీద ఇన్‌సోల్ వేసేవాళ్లు గమనించాల్సింది ఇదే.

ఒక సైజు పెద్దది కొనండి. షూలోంచి తీసిన పాత ఇన్‌సోల్‌ను దాని మీద పెట్టి గీత గీయండి. గీతకు కాస్త బయటగా కత్తిరించి, షూలో పెట్టి చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించండి. ఎప్పుడూ వేళ్ల వైపే కత్తిరించాలి. మడమ వైపు కత్తిరిస్తే గుంట ఉన్న భాగం, ఎత్తు ఉన్న భాగం రెండూ స్థానం తప్పుతాయి.

పాత ఇన్‌సోల్ ఊడి వచ్చేదైతే కొత్త పల్చటి దాన్ని దాని కింద వేయండి. పాదానికి తగిలే పైభాగం మారదు, జారదు. మీద వేయాల్సి వస్తే రెండు చోట్ల డబుల్ సైడ్ టేప్ పెట్టండి. కొత్తది కొనే వీలు లేకపోతే, పాడైన వేరే షూలోంచి తీసిన ఇన్‌సోల్‌ను కత్తిరించి కింద వేసుకోవచ్చు. వంటింటి స్పాంజి ముక్కలు మాత్రం వద్దు, అవి నలిగి, చెమట పీల్చి, జారతాయి.

ఇక్కడ అందరూ చేసే తప్పు మందం. ఎక్కువ వదులుంది కదా అని 6, 7 మి.మీ. ఇన్‌సోల్ వేస్తారు. పాదం అంత ఎత్తు లేస్తే మడమ షూ వెనక గోడ మీదికి వచ్చేస్తుంది. గోడ పట్టుకోవాల్సిన చోటుకన్నా పైన మడమ ఉంటుంది. అప్పుడు షూ ముందుకన్నా తేలిగ్గా ఊడుతుంది, చీలమండ పక్కకు మడత పడే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఇన్‌సోల్ వేశాక మడమ ఎక్కువగా లేస్తోందంటే షూ ఇంకా వదులుగా ఉందని కాదు, ఇన్‌సోల్ మందం ఎక్కువైందని. పల్చటిది వేసి, మిగతా ఖాళీని టంగ్ ప్యాడ్‌తో నింపండి. 2 లేదా 3 మి.మీ. ఇన్‌సోల్, ఒక టంగ్ ప్యాడ్: లేసు షూలకు ఈ జోడీ చాలా వరకు సరిపోతుంది.

ఎత్తంతా సరిగ్గా ఉండి, వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రమే ఖాళీ ఉంటే పూర్తి ఇన్‌సోల్ బదులు ముందు సగానికి మాత్రమే వచ్చే అర ఇన్‌సోల్ చాలు. మడమ ఎత్తు మారదు.

6. మడమ దగ్గర మాత్రమే వదులైతే: హీల్ గ్రిప్

హీల్ గ్రిప్ పాదాన్ని ముందుకు నెడుతుంది. కాబట్టి వేళ్ల ముందు అదనపు ఖాళీ ఉన్నప్పుడే పెట్టాలి. వేళ్లు ఇప్పటికే ముందు తగులుతుంటే మడమ బాధ తీరి, గోళ్ల బాధ మొదలవుతుంది.

అతి పల్చటిదే ముందు వాడండి. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, షూ వెనక పై అంచుకు కొన్ని మిల్లీమీటర్లు కిందగా అంటించండి. అంచు బయటికి పొడుచుకొస్తే అదే చర్మాన్ని కోస్తుంది. కచ్చితమైన చోటు తెలియకపోతే సాక్స్ మీద మడమ వెనక రాసుకునే చోట సుద్ద రుద్ది, నాలుగు అడుగులు నడవండి. షూ లోపల మరక పడిన చోటే ప్యాడ్ మధ్యభాగం రావాలి.

జెల్ రకం కంటికి బాగుంటుంది కానీ చెమట పట్టినప్పుడు జిగురు వదిలేస్తుంది. స్వీడ్ (నూగు ఉండే మెత్తటి తోలు) పైపొర ఉన్నది సాక్స్‌ను బాగా పట్టుకుంటుంది.

7. ముందు నింపడం ఎప్పుడు సరైనది?

మొన సన్నగా, వేళ్లు చేరని కొన ఉన్న పంప్స్ (లేసులు, పట్టీలు లేని ఆడవాళ్ల షూలు) లాంటి వాటిలో కొనలో చిన్న ఫోమ్ ముక్క పెట్టవచ్చు. కాసేపు వేసుకుని తీసేసే షూలకే ఇది. దూది, కాగితం నడుస్తున్నకొద్దీ గట్టిపడి ఉండలవుతాయి. వేళ్లు వాటిని నొక్కుకుంటూ ఉంటాయి. దూరం నడవాల్సిన రోజున పెట్టకండి.

హీల్స్, చెప్పులు, బూట్లు

హీల్స్‌లో వెనక వేలు పట్టేంత ఖాళీ కనిపిస్తే అది సైజు తప్పు కాకపోవచ్చు. వాలు మీద పాదం ముందుకు జారిపోతుంది, అందుకే వెనక ఖాళీ వస్తుంది. ఆపాల్సింది ఆ జారుడును. వేళ్ల మొదళ్ల కింద ఉబ్బుగా ఉండే భాగం కిందికి వచ్చేలా చిన్న మెత్తటి ప్యాడ్ అంటించండి. ప్యాడ్ వేళ్ల కిందికి వచ్చిందంటే ముందుకు పెట్టేశారు. చీలమండ చుట్టూ కట్టుకునే స్ట్రాప్ విడిగా దొరుకుతుంది, చాలా హీల్స్‌కు అదే చాలు.

బకిల్ ఉన్న శాండల్స్‌కు కొత్త రంధ్రం వేస్తే సరి. ఉన్న రంధ్రాల మధ్య దూరమే పాటించి, 2 నుంచి 2.5 మి.మీ. పంచ్‌తో వేయండి. కాల్చిన మేకుతో పొడవకండి, రెక్సిన్ కరిగి అంచు చిరుగుతుంది. బకిల్ లేని చెప్పు వదులైతే పట్టీ లోపలి వైపు సన్నటి ప్యాడ్ అంటించడం తప్ప పెద్దగా మార్గం లేదు.

పొడవాటి బూట్లకు ఫెల్ట్ ఇన్‌సోల్, మందమైన సాక్సులు కలిపితే బాగా పనిచేస్తాయి. రబ్బరు బూట్లకు కూడా అదే.

వెనక గోడ మెత్తగా ఉండే బల్లెరినా లాంటి షూలకు ఎలాస్టిక్ కుట్టవచ్చు. సుమారు 8 సెం.మీ. ఎలాస్టిక్ పట్టీ తీసుకుని, ఒక కొనను మడమ లోపలి వైపు ఒక పక్కన కుట్టండి. దాన్ని సాగదీసి పట్టుకుని వెనక గోడ వెంబడి రెండో పక్కదాకా కుట్టుకుంటూ వెళ్లండి. వదిలాక అది దగ్గరకు లాగి అంచును మడమకు పట్టిస్తుంది. ముడులు చర్మానికి తగలని వైపు వేయండి. గట్టి తోలుకు మామూలు సూది దిగదు. ఆ పని చెప్పులు కుట్టేవారికి ఇవ్వడం నయం. టంగ్ లోపల ప్యాడ్ పెట్టి కుట్టడం, మడమ దగ్గర తోలు పొర వేయడం, అదనపు రంధ్రాలు వేయడం కూడా వారు శుభ్రంగా చేస్తారు. షూ పొడవును ఒక సైజు తగ్గించమని మాత్రం అడగకండి, అది కుదిరే పని కాదు.

తడిపి, ఎండబెట్టి కుదించవచ్చా?

ఇది కూడా పదేపదే వచ్చే ప్రశ్న. వద్దనే నా సలహా. తోలును తడిపి వేడి చేస్తే కొంత ముడుచుకుంటుంది నిజమే. కానీ ఎక్కడ ఎంత ముడుచుకుంటుందో మన చేతిలో ఉండదు. తోలు బిరుసెక్కి పగుళ్లిస్తుంది, స్వీడ్ మరకలు పడుతుంది, వేడికి అడుగు జిగురు వదిలేస్తుంది. సింథటిక్ షూలు కుదించుకోవు, రూపం చెడిపోతాయి. షూ పొడవును నిర్ణయించేది అడుగుభాగం, దాన్ని నీళ్లు కుదించలేవు. హెయిర్ డ్రయర్, ఓవెన్, వేడి నీళ్లు అన్నిటికీ ఇదే సమాధానం.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుసుకోవాలి?

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒకటే చేయండి. ఇన్‌సోల్, టంగ్ ప్యాడ్, హీల్ గ్రిప్ ఒకేసారి పెట్టేస్తే ఏది పనిచేసిందో, ఏది నొక్కుతోందో తెలియదు. ప్రతి మార్పు తర్వాత ఇంట్లోనే, శుభ్రమైన నేల మీద పది పదిహేను నిమిషాలు నడవండి.

మెట్లు ఎక్కండి. ఎక్కేటప్పుడు మడమ లేస్తే వెనక లేదా మీగాలి పట్టు చాలలేదు. మెట్లు దిగండి. దిగేటప్పుడు వేళ్లు ముందు తగిలితే పాదం జారుతోంది, లేదా హీల్ గ్రిప్ ఎక్కువగా నెడుతోంది. ఈ రెండు పరీక్షలూ చదును నేల మీద నడక కన్నా ఎక్కువ చెబుతాయి.

నడుస్తుండగా వేళ్ల మీద ధ్యాస పెట్టండి. షూ ఊడకుండా పట్టుకోవడానికి వేళ్లు లోపలికి ముడుచుకుంటున్నాయా? మనకు తెలియకుండానే జరుగుతుంది ఇది. సాయంత్రానికి అరికాలు, పిక్క నొప్పులకు ఇదొక కారణం. షూ సరిగ్గా పట్టినప్పుడు వేళ్లు చాపుకుని, హాయిగా ఉంటాయి.

చివరగా షూ, సాక్సులు విప్పి చర్మం చూడండి. సాక్సు అల్లిక అచ్చు పడటం మామూలే. ఒకే చోట ఎర్రటి మచ్చ ఉండి, పది నిమిషాలైనా తగ్గకపోతే అక్కడ ప్యాడ్ జరపాలి, లేదా పల్చటిది వేయాలి. బొబ్బ లేచేదాకా ఆగకండి. మొదటి రోజు బయటికి వెళ్లేటప్పుడు వేరే జత దగ్గర ఉంచుకోండి.

ఈ పద్ధతులు వాడకూడని చోట్లు

పిల్లల షూలు. పాదం పెరుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దవి కొని దూది పెట్టడం వద్దు. వేళ్ల ముందు సుమారు 12 మి.మీ. ఖాళీ పెరుగుదలకు సరిపోతుంది. అంతకు మించితే తట్టుకుని పడతారు. దాని బదులు తరచూ కొలుస్తూ ఉండండి.

మధుమేహం ఉన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు. ప్యాడ్ ఒత్తుతున్నా మీకు తెలియకపోవచ్చు, చిన్న రాపిడి పుండుగా మారవచ్చు. ఇంట్లో సర్దుబాటు చేసుకోకుండా డాక్టరును అడిగి, సరైన సైజు షూ తీసుకోండి.

పరుగు, కొండలెక్కడం, గట్టి మొన ఉండే భద్రతా బూట్లతో చేసే పని, బండి నడపడం. వీటికి వదులు షూను సరిచేసి వాడటం ప్రమాదం. దిగుడు దారిలో పాదం జారి గోళ్లు నల్లబడతాయి, పెడల్ మీద కాలు ఆలస్యంగా పడుతుంది.

అంటించిన ప్యాడ్లు శాశ్వతం కాదు. షూ మళ్లీ వదులైందనిపిస్తే ముందు ప్యాడ్‌ను వేలితో నొక్కి చూడండి. నొక్కినా తిరిగి లేవకపోతే దాని పని అయిపోయింది, తీసి కొత్తది పెట్టండి. పాత జిగురు మిగిలితే హెయిర్ డ్రయర్‌తో కాకుండా స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో మెల్లగా రుద్దండి. తోలు రంగు వదలకుండా ముందు కనిపించని చోట పరీక్షించుకోండి. ఊడి వచ్చే ఇన్‌సోల్‌ను షూ విప్పాక బయటికి తీసి రాత్రంతా గాలికి ఆరనివ్వండి. రెండు పొరలు వేసినప్పుడు మధ్యలో చెమ్మ నిలిచి వాసన వస్తుంది కాబట్టి ఇది ఇంకా అవసరం.